తుప్పలన్నారు వాటిని

కోనసీమలో అడవి ఎక్కడుందని ఎవరినైనా అడిగి చూడండి. నవ్వుతారు. "అడవేంటండీ, అన్నీ తోటలే కదండీ" అంటారు. నలభై ఏళ్లు వచ్చేదాకా నేనూ అలాగే అన్నాను. మాది రాజోలు వైపు పల్లె. వరిచేలూ కొబ్బరితోటలూ ఉన్న కుటుంబం. అడవంటే మాకు మారేడుమిల్లి. కార్తీకమాసంలో బస్సు మాట్లాడుకుని, పులిహోర పొట్లాలతో పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే చోటు.

ఇందులో సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటుంది. నేను సాంఘిక శాస్త్రం చెప్పే టీచర్ని. ఇరవై ఏళ్లుగా సహజ వృక్షసంపద పాఠం చెబుతున్నాను. సతత హరిత అరణ్యాలు, ఆకురాల్చే అడవులు, ముళ్ల అడవులు, పర్వత ప్రాంతపు అడవులు, చివరగా మడ అడవులు. నల్లబల్ల మీద వరసగా రాసేదాన్ని. పిల్లలు వరసగా అప్పజెప్పేవారు. మడ అడవుల దగ్గరికి వచ్చేసరికి గంట కొట్టే వేళయ్యేది. "నది సముద్రంలో కలిసే చోట ఉప్పునీటి బురదలో పెరుగుతాయి, తుఫానుల నుంచి తీరాన్ని కాపాడతాయి. రెండు మార్కుల ప్రశ్న, గుర్తు పెట్టుకోండి" అనేసి డస్టర్ అందుకునేదాన్ని.

నా కాపురం అమలాపురంలో. మూడేళ్ల కిందట సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక ఊరి హైస్కూలుకి బదిలీ అయింది. రోజూ బండి మీద వెళ్లి వస్తాను. బడి వెనక ఒక పాయ, పాయ పక్కనే మడ. డాబా ఎక్కితే కనిపిస్తుంది. రెండేళ్లపాటు ఆ డాబా ఎక్కింది లేదు, ఆ మడ వైపు చూసింది లేదు. పుస్తకంలో ఉన్న బొమ్మే చూపించాను పిల్లలకి. అదీ ఎక్కడో బెంగాల్లో తీసిన ఫొటో.

బడిలో మధ్యాహ్నం భోజనం వండే ఆమె ఉండేది. నాకంటే నాలుగైదేళ్లు చిన్నది. చేపలు పట్టే వాళ్ల పేట నుంచి వచ్చేది. పొద్దున్న బడిలో వంట, మిగతా పొద్దంతా పాటు వేళ చూసుకుని పాయలోకి వెళ్లి మండపీతలు పట్టుకోవడం ఆమె పని. నీళ్లు తీసే వేళని అక్కడ పాటు అంటారు, ఎక్కే వేళని పోటు అంటారు. పోయిన ఏడు వానాకాలం మొదట్లో ఒక రోజు నేను ఆ పాఠం చెబుతుంటే, ఆమె వరండాలో బియ్యం చెరుగుతూ విన్నది. గంట కొట్టాక నా దగ్గరికి వచ్చింది.

"మేడంగారండీ, మడ గురించి చెప్తున్నారు కదండీ. ఎప్పుడైనా లోపలికెళ్లి చూసేరా?"

లేదని చెప్పడానికి సిగ్గేసింది. అయినా చెప్పాను.

"అయ్యో, రెండేళ్ల నుంచి ఇక్కడే ఉన్నారు కదండీ!" అని ఆశ్చర్యపోయింది. అందులో ఎగతాళి లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. "ఆదివారం పొద్దున్న పాటు ఉంటాదండీ. రండి. మా ఆయన పడవుంది."

వెళ్లాను. చెప్పులు పడవలోనే వదిలేయమంది. పాయ మొదట్లో వెడల్పుగా ఉండి, పోనుపోను రెండు వైపులా చెట్లు దగ్గరికొచ్చాయి. నీళ్లు తీసేసిన బురదలోంచి వేలెడెత్తున వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. లెక్కలేనన్ని. ఆ బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు తన వేళ్లని పైకి పంపి ఊపిరి తీసుకుంటుందని పుస్తకంలో ఉంది. నేనే ఎన్నోసార్లు చదివి వినిపించాను. అయినా వాటి మధ్య మోకాళ్లలోతు బురదలో నిలబడ్డప్పుడే ఆ వాక్యానికి అర్థమేమిటో తెలిసింది. నా చుట్టూ ఒక అడవి అడవంతా గాలి పీలుస్తోంది.

ఆమె ఒక్కో చెట్టునీ పేరు పెట్టి చెప్పింది. "ఇది నల్ల మడండీ. అది తెల్ల మడ. ఆ వేళ్లు గొడుగు ఊచల్లాగ దిగినయ్యి చూసేరా, ఉప్పు పొన్న. ఇదుగో, దీన్ని మాత్రం ముట్టుకోకండి, తిల్ల. పాలు కంట్లో పడితే చూపు పోతాదండీ." మడ కొమ్మల్లోంచి నీలం రంగు పిట్ట ఒకటి దూకి, చేపతో పైకి లేచింది. బురదలో చిన్న చిన్న చేపలు కాళ్లున్నట్టు గెంతుతున్నాయి. రొయ్య పిల్లలు, పీత పిల్లలు, చేప పిల్లలు అన్నీ ఈ వేళ్ల సందుల్లోనే పెరిగి పెద్దవై సముద్రంలోకి వెళ్తాయని ఆమె భర్త చెప్పాడు. ఆయన బడికి పోలేదు. మా పుస్తకంలో ఈ సంగతి ఒక్క ముక్క కూడా లేదు.

తిరుగు దారిలో ఆమె తొంభై ఆరు తుఫాను మాటెత్తింది. అప్పటికి ఆమెకి పదేళ్లు.

"మా నాన్న మమ్మల్నందర్నీ పడవెక్కించి ఈ పాయలోకి తోలుకొచ్చేసేడండీ. అదుగో, ఆ నల్ల మడ మొదలుకే తాడేసి కట్టేసేడు. గాలి మా నెత్తి మీంచే పోయిందండీ. నీళ్లొచ్చినయ్యి గానీ విసురు లేదండీ. చెట్లు ఆపేసినయ్యి కదండీ. అవతల పేటోళ్లు అప్పటికే మడ కొట్టేసుకున్నారు, వంటచెరుక్కనీ, దొడ్లకనీ. ఆ పేట మిగల్లేదండీ."

ఇదంతా ఆమె పీతల బుట్ట కప్పు సరిచేస్తూ చెప్పింది. నేను ఆ రాత్రి పాఠ్యపుస్తకం తీసి ఆ పాఠం మళ్లీ చదివాను. కొబ్బరిచెట్టు మేం నాటితే వచ్చింది. వరి మేం ఊడిస్తే వచ్చింది. సరుగుడు వరసలు ప్రభుత్వం వేస్తే వచ్చాయి. కోనసీమలో మనిషి చెయ్యి పడకుండా, ఎవరినీ అడక్కుండా తనంతట తాను మొలిచి నిలబడ్డది ఆ మడ ఒక్కటే. దాని పక్కనే ఉద్యోగం చేస్తూ నేను పిల్లలకి బెంగాల్ ఫొటో చూపించాను.

మర్నాటి నుంచి పాఠం మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి డాబా మీద కూర్చోబెట్టి చెప్పాను. మూడు పీరియడ్లు పట్టింది. తిల్ల పాల గురించి పిల్లలే నాకు చెప్పారు.

దసరా సెలవులయ్యాక బడి తెరిచిన రెండో రోజు, వంటామె గంటన్నర ఆలస్యంగా వచ్చింది. అలా ఎప్పుడూ చెయ్యలేదు. చీర మోకాళ్ల దాకా బురద. పొయ్యి వెలిగిస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"మేడంగారండీ, మిషనొచ్చిందండీ. కొట్టేస్తన్నారు."

సాయంత్రం గంట కొట్టగానే ఆమెతో కలిసి వెళ్లాను. గట్టు మీంచి పోతే ఇరవై నిమిషాలు. దూరం నుంచే చప్పుడు వినిపించింది. దగ్గరికి వెళ్లేసరికి పొక్లెయిన్ ఒక నల్ల మడని మొదట్లో పట్టుకుని ఊపుతోంది. చెట్టు ఊడి రావడం లేదు. డ్రైవరు కాస్త వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకు వచ్చి బకెట్టుతో పొడిచాడు. మూడోసారికి వేళ్లతో సహా లేచింది. అంతకుముందు లేపినవన్నీ ఒక పక్క గుట్టగా పోశారు. వేళ్లు పైకి, ఆకులు కిందికి. ఊపిరి తీసుకునే ఆ వేళ్లు వేలకొద్దీ బురదలో నలిగిపోయి ఉన్నాయి. పాయ నోటికి అడ్డంగా అప్పుడే గట్టు కూడా వేసేశారు. పోటు నీళ్లు గట్టుకి అవతలే ఆగిపోయాయి. ఇవతల బురద ఆరడం మొదలైంది.

నాకు ఒళ్లు మండిపోయింది. గట్టు మీద కుర్చీ వేసుకుని ఒక మనిషి కూర్చున్నాడు, పనులు చూసుకునే వాడు. అతని దగ్గరికి వెళ్లి, "ఎవరండీ ఈ పని చేయిస్తోంది?" అని గట్టిగా అడిగాను.

అతను గభాలున లేచి నిలబడ్డాడు. నమస్కారం పెట్టాడు. "ఆయ్, మీరా అమ్మగారూ! రండి, కూర్చోండి. ఒరేయ్, బొండం కొట్టరా." తరవాత నవ్వుతూ అన్నాడు, "మన అయ్యగారిదేనండీ. మీ అన్నయ్యగారిదే. మీకు తెలీదాండీ?"

నా పక్కనున్న ఆమె నా మొహంలోకి చూసింది. తరవాత వెనక్కి తిరిగి గట్టు మీద నడిచింది. ఏదైనా అని ఉంటే బాగుండేది.

అన్నయ్య మా పల్లెలోనే ఉంటాడు. నాన్న పోయాక పొలమూ తోటా అంతా ఆయనే చూసుకుంటున్నాడు. నా పెళ్లి చేసింది ఆయనే. పురుళ్లు పోయించింది వదిన. ఆయన ముందు గొంతెత్తి మాట్లాడి ఎరగను. ఆదివారం పొద్దున్నే వెళ్లేసరికి అరుగు మీద పేపరు చదువుతున్నాడు.

"ఏమ్మా, ఒక్కదానివే వచ్చేవు? బావగారు రాలేదా?"

"ఆ మడ ఎందుకు కొట్టిస్తున్నావు అన్నయ్యా?"

పేపరు మడిచాడు. "మడేంటి? ఆ తుప్పలా?"

"తుప్పలు కాదు. అడవి అది."

"అడవా!" పెద్దగా నవ్వాడు. "ఏమే, విన్నావా? మీ ఆడపడుచు బడిలో పాఠం మనింట్లో చెప్తంది" అని లోపలికి కేకేశాడు. వదిన మంచినీళ్లు పట్టుకొచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నువ్వు వెళ్లి చూశావా దాన్ని?" అన్నాను.

"చూడ్డానికి ఏముందమ్మా అక్కడ, దోమలు తప్ప. తోట సంగతి నీకు తెలుసా? తెల్లదోమొచ్చి ఆకులన్నీ నల్లగా మాడిపోయినయ్యి. కాయ దిగట్లేదు. వరేస్తే డ్రైను పొంగి ఏటా మునుగుతంది. మరి ఏం చెయ్యమంటావు? ఊరందరూ రొయ్యల చెరువులేసుకున్నారు. నేనొక్కణ్ణీ గట్టు మీద కూర్చుని చూడాలా?"

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. తోట పరిస్థితి నేనూ చూశాను. కానీ తన తోట మాడిపోతే పాయలో మడ కొట్టడం ఏ న్యాయం? వరి ఎందుకు మునుగుతోంది? డ్రైను సముద్రంలో కలిసే దారులన్నీ చెరువుల గట్లు వేసి బిగించేశారు కాబట్టి మునుగుతోంది. అదే మాట అన్నాను.

"రేపు పెద్ద తుఫానొస్తే ఆ పేటలో వాళ్లేమవుతారు అన్నయ్యా?"

"గవర్నమెంటు షెల్టరు కట్టింది కదమ్మా."

ఆ జవాబు వినగానే నాకు ఇంకేమీ వినిపించలేదు. పీతలు పట్టుకునే వాళ్ల ప్రాణాలకి ఒక సిమెంటు గది చాలన్నాడు మా అన్నయ్య. నాకు అక్షరాలు దిద్దించిన మనిషి.

"నేను అర్జీ పెడతాను" అన్నాను.

అప్పుడు మొదటిసారి ఆయన మొహం మారింది. "ఎవరి మీద పెడతావు? నీ మీదా?"

నాకు అర్థం కాలేదు. "ఎండాకాలంలో నీ దగ్గరికొచ్చి సంతకం పెట్టించుకోలేదూ? చెరువులకి భూమి ఒక్కో మనిషికి ఇంతే ఇస్తామన్నారు. అందుకని మనవాళ్లందరి పేర్లూ పెట్టేను. నీది నాలుగోది. నువ్వూ అందులో ఉన్నావమ్మా" అన్నాడు.

గుర్తొచ్చింది. మే నెలలో ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. మామిడిపళ్ల బుట్ట తెచ్చాడు. "చిన్న సంతకమమ్మా, సంఘం కాయితం" అన్నాడు. నేను వంటింట్లో ఉన్నాను. చేతులు తుడుచుకుని, ఆయన వేలు పెట్టి చూపించిన చోటల్లా పెట్టేశాను. పిల్లలకి రోజూ చెబుతాను, ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాయొద్దని. నేను ఒక్క వరస కూడా చదవలేదు.

నా పేరు మీద అడవి కొట్టారు. ఆ రోజు దారిలో బండి ఆపి, కాలవగట్టు మీద కూర్చుని ఏడ్చాను. బాధతో కాదు, కోపంతో. ఆయన మీద ఎంతో, నా మీద అంత.

సోమవారం సెలవు పెట్టి మండల ఆఫీసుకి వెళ్లాను. అర్జీ రాత్రే రాసుకున్నాను. వంటామెకి చెబితే, ఆమె పేట నుంచి పది మంది ఆడవాళ్లని తీసుకొచ్చింది. పీతల బుట్టలు అక్కడే మెట్ల పక్కన పెట్టి, వరండాలో కూర్చున్నారు. లోపలికి నన్ను ఒక్కదాన్నే పిలిచారు. టీచర్ని కదా, కుర్చీ కూడా వేశారు.

అధికారి నా అర్జీ చదివి, ఫైలు తెప్పించాడు. మర్యాదస్తుడే. "చూడండి మేడంగారూ, అటవీశాఖ హద్దు పాయకి అవతల ఉందండీ. ఇవతలది పోరంబోకు. తనిఖీ చేసి రాసిన రిపోర్టు కూడా ఉంది. వినండి. తుప్పలతో నిండిన నిరుపయోగ భూమి. ఇందులో అడవన్న మాటే లేదండీ."

"తనిఖీకి ఎవరు వెళ్లారండీ?"

"మా వాళ్లే వెళ్తారు కదండీ."

"బురదలో దిగారా, గట్టు మీంచి చూశారా?"

ఆయన ఫైలులో ఇంకో పేజీ తిప్పాడు.

"మా పాఠ్యపుస్తకం ప్రభుత్వమే అచ్చు వేసిందండీ" అన్నాను. "అందులో దీన్ని అడవి అన్నారు. తీరానికి కవచం అన్నారు. ఈ ఫైలూ ప్రభుత్వానిదే. ఇందులో తుప్ప అన్నారు. హద్దురాయి వేసింది మీరు. చెట్టుకి తెలుసా అండీ అది ఎవరి సర్వే నంబర్లో మొలిచిందో? పాయకి అవతల ఉంటే అడవి, ఇవతల ఉంటే తుప్ప. రేపు పరీక్షలో మా పిల్లలు ఏది రాయాలండీ?"

నా గొంతు వరండా దాకా వినిపించిందట. ఆయన మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుని, నిదానంగా ఒక కాయితం నా వైపు తిప్పాడు. "మేడంగారూ, తప్పుగా అనుకోకండి. దరఖాస్తుదారుల్లో నాలుగో పేరు మీదే కదండీ?"

గదిలో ఉన్న గుమాస్తాలిద్దరూ తలెత్తి చూశారు. నేను కాయితమూ కలమూ అడిగి అక్కడే రాశాను. చదవకుండా సంతకం పెట్టానని, అది నా తప్పని, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని, ఆ స్థలంలో ఉన్నది మడ అడవి అని, నేను కళ్లారా చూశానని. ఉద్యోగం పేరూ, బడి పేరూ కూడా రాశాను. రాసిందాని నకలు మీద ముద్ర వేయించుకుని బయటికి వచ్చాను.

వరండాలో ఆడవాళ్లకి జరిగింది చెప్పాను. నా పేరు అందులో ఉందన్న సంగతితో సహా. ఒకామె మొహం తిప్పుకుంది. ఇంకొకామె, "అయితే మీరూ వాళ్లల్లో మడిసేనాండీ?" అని అడిగింది. వంటామె కల్పించుకుని, "ఇప్పుడు కాదంటన్నారు కదే, ఊరుకో" అంది. ఆ కసురుకోవడమే నాకు దొరికిన క్షమ.

ఆ వారంలోనే ఆమెని వంట నుంచి తీసేశారు.

బుధవారం బడికి వెళ్లేసరికి పొయ్యి దగ్గర కొత్త మనిషి ఉంది. హెడ్మాస్టరుగారి గదిలోకి వెళ్లి అడిగాను.

"ఆలస్యంగా వచ్చిందంటమ్మా. కమిటీవాళ్లు తీర్మానం చేసేరు."

"ఎన్ని రోజులు ఆలస్యమైందండీ? ఒక్క రోజు. ఆ రోజు ఎందుకు ఆలస్యమైందో మీకు తెలియదా?"

"ఆయ్, తెలుసమ్మా. తెలిసి మాత్రం ఏం చెయ్యమంటారు? కమిటీలో ఉన్నది చెరువులవాళ్లేనని మీకు తెలీనిదా? మీరు ఉద్యోగస్తులు. మిమ్మల్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఆవిడ్ని ముందుకి తోసింది మీరే కదమ్మా."

ఆ మాట పట్టుకుని ఇప్పటికీ ఉడికిపోతూ ఉంటాను. అందులో నిజం ఉంది కాబట్టే ఉడుకు చల్లారదు. అర్జీ మీద మొదటి సంతకం నాది. నా జీతం ఒక్క రోజు ఆగలేదు. నాకు ఒక్క మెమో రాలేదు. శిక్ష మాత్రం వెతుక్కుంటూ వెళ్లి, నా సంతకం కింద వేలిముద్ర వేసిన ఆమె దగ్గర ఆగింది. ఆమె తరఫున నేను రాయని చోటు లేదు. "పరిశీలనలో ఉంది" అన్న జవాబు రెండుసార్లు వచ్చింది.

అర్జీ నకలు అటవీశాఖకీ పంపాను. పది రోజులకి ఇద్దరు కుర్రగార్డులు వచ్చారు. వాళ్లు బురదలో దిగారు. చెట్ల మొదళ్లు కొలిచారు, ఫొటోలు తీశారు. గుట్టగా పోసిన వేళ్ల దగ్గర నిలబడి వాళ్లలో ఒకడు, "ఎంత దారుణం చేసేరండీ" అన్నాడు. ఒక ప్రభుత్వ మనిషి నోట అలాంటి మాట వినడం అదే మొదలు. ఇంకో వారానికి పని ఆపమని కాయితం వచ్చింది. పొక్లెయిన్‌ని లారీ ఎక్కించి తీసుకుపోయారు. పాయకి ఇవతల మడలో సగం మిగిలింది. సగం పోయింది. కొట్టినవాళ్ల మీద కేసు లేదు, అడిగినవాడు లేడు. తుప్పలని రాసిన చెయ్యి ఎవరిదో తేల్చినవాడూ లేడు.

డిసెంబర్లో వనమహోత్సవమన్నారు. కొట్టేసిన చోటే, గట్టు మీద గోతులు తవ్వించి, టేకు మొక్కలూ నేరేడు మొక్కలూ తెచ్చారు. టెంటు వేశారు. అడవులే మన ప్రాణమని బ్యానరు కట్టారు. పిల్లల్ని వరసలో నిలబెట్టమని నాకు డ్యూటీ వేశారు. పెద్దలు ఒక్కొక్కరే మొక్క మీద చెయ్యి పెట్టి ఫొటో దిగారు. చివర్లో మైకు నాకిచ్చి, అడవుల ప్రాముఖ్యం గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు.

చెప్పాను. "ఇవి ఇక్కడ బతకవండీ. టేకు ఉప్పునీళ్లలో బతకదని మా ఎనిమిదో తరగతి పిల్లలు చెబుతారు. ఇక్కడ పెరగాల్సింది మడ. దానికి మీ గొయ్యి అక్కర్లేదు, మీ బిందె నీళ్లు అక్కర్లేదు. పోటు నీళ్లు కావాలి. ఆ గట్టు కొట్టి పాయ నోరు తెరవండి, చాలు. అదొక్కటే మీరు చెయ్యడం లేదు."

మైకు ఆపేశారు. వెనక నుంచి ఒకరిద్దరు పిల్లలు చప్పట్లు కొట్టారు, హెడ్మాస్టరుగారు చూసేసరికి ఆపేశారు. సంక్రాంతి లోపే మొక్కలన్నీ ఎండిపోయాయి. బ్యానరు మాత్రం చాలా రోజులు ఉంది.

గట్టు కొట్టమని నేను మళ్లీ రెండు అర్జీలు రాశాను. మాఘమాసంలో ఒక శనివారం వంటామె బడి గేటు దగ్గరికి వచ్చింది. ఒంటిపూట బడి అయిపోయింది అప్పుడే.

"మేడంగారండీ, కాయితాలతో అయ్యేది కాదండీ. ఇవాళ పోటు పెద్దగా ఉంటాది. మేం కొట్టేస్తన్నాం. మీకు చెప్పి పోదామని వచ్చేను."

"నేనూ వస్తాను" అన్నాను.

పట్టపగలు, అందరూ చూస్తుండగా, పదిహేను మంది ఆడవాళ్లం, నలుగురు మగాళ్లు. పారలు వాళ్లవి. తట్టలెత్తడం నాకు చేతనైన పని. మూడు తట్టలకే నడుం పట్టేసింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ జాలి పడలేదు. కావలివాడు ఫోను చేసినట్టున్నాడు. గట్టు సగం తెగేసరికి అన్నయ్య కారు వచ్చి ఆగింది. ఆయన తెల్లబట్టలతో గట్టు మీద నిలబడి, నన్ను బురదలో చూశాడు.

"సిగ్గు లేదా నీకు? నాన్న పేరు తీసేస్తన్నావు" అన్నాడు.

"నాన్న ఎప్పుడైనా ఒకళ్ల గుమ్మం ముందు గోడ కట్టాడా అన్నయ్యా?"

"కేసు పెడతాను."

"పెట్టు. ముందు నా పేరు రాయి. ఈసారి చదివే సంతకం పెడతాను."

ఆయన ఇంకేదో అనబోయాడు. అప్పటికే పాయలో నీళ్లు ఎక్కుతున్నాయి. గండిలోంచి మొదట సన్నగా, తరవాత ఒక్కసారిగా నీళ్లు లోపలికి దూకాయి. మట్టి పెళ్లలు విరిగి పడ్డాయి. మేమంతా పక్కకి తప్పుకున్నాం. నాలుగు నెలలుగా బీటలు వారి ఉన్న బురద మీద నీళ్లు పరుచుకుంటూ పోయాయి. అన్నయ్య కాసేపు చూసి, కారెక్కి వెళ్లిపోయాడు. కేసు పెట్టలేదు. నాతో మాటలు మాత్రం లేవు. వదిన ఎప్పుడైనా ఫోను చేసి, "భోంచేసేరా వదినా" అని అడుగుతుంది. అంతకు మించి మాట్లాడదు.

ఈ వానాకాలం మిగిలిన మడ నుంచి గింజలు నీళ్ల మీద తేలుతూ ఆ ఖాళీలోకి వచ్చాయి. కొన్ని మేం ఏరి గుచ్చాం. చాలా కొట్టుకుపోయాయి. అక్కడక్కడ రెండాకులతో నిలబడ్డవి ఉన్నాయి. అవి పడవ కట్టేంత మొదలవడానికి ఎన్నేళ్లు పడుతుందో నాకు తెలియదు. కొట్టడానికి నెల రోజులు కూడా పట్టలేదు.

మొన్న ఆ మొలకల దగ్గర నిలబడి ఉన్నప్పుడు, వంట పని మళ్లీ ఇప్పించలేకపోయినందుకు ఆమెకి క్షమాపణ చెప్పాను. ఆమె నీళ్లలో చెయ్యి పెట్టి పీత బొరియ తడుముతోంది. చెయ్యి తీయకుండానే అంది.

"పోయిందేదో పోయిందండీ. ఒక్క మాట అడుగుతాను, చెప్పండి. మడ పోయి మాకు పీతల్లేవు. వంట పోయింది. మీకు అన్నయ్యగారు దూరమైపోయేరు. మరి కొట్టించినోళ్లకి ఏం పోయిందండీ?"

నేను వాలిపోయిన మొలక ఒకదాన్ని నిలబెట్టి, మొదట్లో బురద నొక్కాను. ఆమె బొరియలోంచి చెయ్యి బయటికి తీసింది. అరచెయ్యంత కూడా లేని పిల్లపీత. దాన్ని తిరిగి నీళ్లలో వదిలేసి, తరవాతి బొరియ వైపు నడిచింది.